బడి గ్రౌండులో పడుగు

జూన్ 28, 2020

సారక్క ఇంటికి వచ్చింది.

జూన్ 29

నిన్న ఆ ఒక్క ముక్క రాసి పెన్ను మూశాను. అంతకుమించి రాయడానికి ఏమీ దొరకలేదు. మా గుమ్మం అంత ఎత్తుందని నిన్ననే తెలిసింది. దాన్ని దాటడానికి సారక్క నా భుజం పట్టుకుని రెండుసార్లు ఆగింది.

ఆసుపత్రి వాళ్లు సంచెడు మాత్రలిచ్చి, పొద్దున సాయంత్రం బయట గాలిలో నడిపించమన్నారు. మెట్లు మాత్రం ఎక్కించొద్దన్నారు. ఆఖర్న డాక్టరు నా వైపు తిరిగి, ఆమెకు నవ్వొస్తే దగ్గు తెర లేస్తుంది, కొన్నాళ్లు నవ్వించకండి అన్నాడు. మూతికి మాస్కు ఉంది కాబట్టి తమాషాకు అన్నాడో నిజంగానే అన్నాడో అర్థం కాలేదు.

నవ్వించొద్దట! సోమలింగం పెళ్లాన్ని! కారఖానాలో మగ్గాలు బాగుచేయడం నా నౌకరీ. పెళ్లాన్ని నవ్వించడం నా ధంధా. పెళ్లయిన నాటి నుంచి ఒక్కరోజు సెలవు లేకుండా నడుస్తున్న ధంధా అది. సర్కారు అన్నీ మూసింది, ఇదొక్కటే మిగిలి ఉండె. డాక్టరు దానికీ తాళం వేశాడు.

ఇక సూరత్ గాలి సంగతి. భేస్తాన్‌లో మా గల్లీకి గాలి రావాలంటే ముందు మా కారఖానా సేఠ్ పర్మిషన్ తీసుకోవాలి. రెండు పక్కలా మగ్గాల కారఖానాలు, నూలు దుమ్ము, మధ్యలో ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు వెనక్కి నడిచేంత దారి. మా మిద్దె మీద గాలి ఉంది, కానీ అక్కడికి ఇనుప నిచ్చెన. మధ్య రెండు అంతస్తుల్లో కిరాయికున్న ఒడియా పిల్లలు రైలెక్కి వాళ్ల ఊరు పోయారు. ఇప్పుడు మిద్దె మీదికి పోయేది మా రుచిత ఒక్కతే. ఆన్‌లైన్ క్లాసు ఉన్నప్పుడల్లా నీళ్ల ట్యాంకు ఎక్కి, గొడుగు వేసుకుని, ఫోను ఆకాశానికి చూపిస్తూ కూర్చుంటుంది. తొమ్మిదో తరగతి అక్కడే చదువుతున్నది, కాకుల మధ్యన.

మిగిలింది మన తెలుగు బడి గ్రౌండు. బడి మూత పడింది గానీ గేటుకు తాళం లేదు. సాయంత్రం సారక్కను అక్కడికి తీసుకుపోయాను. ఒక చుట్టు తిరిగింది, కూర్చుంది. "గాలున్నది" అంది. ఏదో మిఠాయి దొరికినట్టు అంది.

జూలై 4

సారక్క రెండు చుట్లు తిరుగుతున్నది.

ఇవాళ గ్రౌండులో ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని కొలుస్తున్నారు. నేల మీద సున్నంతో గీతలు గీశారు. ఖోఖో ఆటకేమో అనుకున్నాను. అంతలో కనకయ్య బావ వచ్చాడు. ఇక్కడి మా నేతవాళ్ల సమాజానికి అధ్యక్షుడు, బడి నడిపేది ఆయనే. మీసాలు మనిషికన్నా ముందే వస్తాయి.

"ఏంది బావా, పిల్లలకు ఆటలు మొదలు పెడుతున్నవా?"

"ఆటలు కాదు సోమలింగం, టవర్. మొబైల్ టవర్. సంతకాలు అయినయి."

గేటు నుంచి బోరింగు దాకా టవర్‌కట. పక్కనే డీజిల్ జనరేటర్‌కు గది. చుట్టూ ముళ్ల కంచె, కాపలా మనిషి, గేటుకు తాళం. మిగిలేది బడి మెట్ల ముందు ఒక మూల. ఆ మూలలో మా సారక్క నడవాలంటే గుండ్రంగా తిరిగి కళ్లు తిరిగి పడాల్సిందే.

"సమాజాన్ని అడిగినవా?"

"మీటింగు పెడితే పోలీసోళ్లు ఊకుంటరా? పిల్లలకు సిగ్నల్ లేదు. నీ బిడ్డనే ట్యాంకు మీద కోతి తీర్గ కూసుంటున్నది గద. ఆమె కోసమేనయ్య గిదంత!"

నా బిడ్డను ముందు పెట్టి కొట్టాడు. మంచి దెబ్బే, ఒప్పుకుంటాను. ఈ పుస్తకంలో మాత్రమే ఒప్పుకుంటాను.

జూలై 5

గ్రౌండు పోతే పోతుంది, నాకేం లేదు. ఆ కనకయ్య నన్ను అడగకుండా సంతకం చేశాడు, అదీ మంట. ఆయన మీసం కిందికి దిగాలి. అంతే.

అంబులెన్సు రానని చెప్పిన రోజు తన టెంపోలో సారక్కను పడుకోబెట్టి ఆసుపత్రికి నడిపింది కనకయ్యే. అది వేరే లెక్క.

జూలై 9

ఇవాళ సెలూన్‌కు పోయాను. కటింగు అవసరం లేదు, కానీ ఊరికి ఏదైనా చెప్పాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. నలుగురు మగవాళ్లు మాస్కులు గడ్డం కిందికి లాక్కుని కూర్చున్నారు.

అద్దంలో నా మీసం చూసుకుంటూ ఊరికే అన్నాను: "ఇంకెన్ని రోజులుంటదో పాపం."

"ఏమైందన్నా?"

"టవర్ వస్తున్నది గద బడిలకు. కతర్‌గామ్‌ల మా దోస్తు ఇంటి పక్కన గిట్లనే టవర్ పెట్టిన్రు. ఆర్నెల్లల్ల గల్లీల అందరి మీసాలు రాలిపోయినయ్. గడ్డం రాలదు, మీసమే రాలుతది. తరంగాలు ముక్కు కిందనే తాకుతయట."

కతర్‌గామ్‌లో నాకు దోస్తు లేడు. నలుగురూ ఒకేసారి మూతి తడుముకున్నారు. కటింగు చేసేవాడు కత్తెర ఆపి, "మీసాలు పోతే మా దుకాణం సంగతేంది?" అన్నాడు. మనిషి బాధ మనిషిది.

ఆడవాళ్లకు మీసం సంగతి పట్టదు కదా. అందుకని వచ్చే దారిలో మా గల్లీ ముసలామె బాలవ్వ అరుగు దగ్గర ఆగి, టవర్ ఉన్న చోట పెరుగు తోడుకోదని చెప్పాను.

ఇవేవీ సారక్కకు చెప్పలేదు. నోటి దాకా వచ్చింది. మింగాను. కడుపు ఉబ్బింది.

జూలై 11

బాలవ్వ ఇంట్లో పెరుగు తోడుకోలేదట. టవర్‌కు ఇంకా గుంత కూడా తవ్వలేదు. పొద్దున్నుంచి కనకయ్య ఇంటి ముందు గిన్నె పట్టుకుని తిడుతున్నది.

నా పని ఇంత బాగా ఎప్పుడూ సాగలేదు.

జూలై 12

పొద్దున పన్నెండు మందిమి గ్రౌండులో కూర్చున్నాం. మీసాల కోసం ఏడుగురు, పెరుగు కోసం నలుగురు. నా సంగతి తెలిసిందే, కనకయ్య కోసం. "బడి మాది, గ్రౌండు మాది" అని రెండుసార్లు అరిచామో లేదో పోలీసు జీపు వచ్చింది. నలుగురికన్నా ఎక్కువ మంది గుంపు కట్టొద్దని నోటీసు ఉందట.

"చాలో, బధా ఘరే జావ్!" అని జమాదారు గుజరాతీలో ఒక్క గదమాయింపు, అందరూ ఇళ్లకు పొండని. ఆడవాళ్లను పంపేసి మగవాళ్లతో గుంజిళ్లు తీయించాడు. నేను అందరికన్నా ముందు నిలబడి, లయగా, పాట పాడుతున్నట్టు తీశాను. జమాదారుకు నవ్వు వచ్చి నన్ను సగంలో వదిలేశాడు. మిగతావాళ్లు పూర్తి కోటా తీశారు. ఇప్పుడు నాతో ఎవరూ మాట్లాడటం లేదు. మాట్లాడతారు. మోకాళ్ల నొప్పి తగ్గనీ.

జూలై 16

రుచిత ట్యాంకు మీంచి వానలో తడిసి దిగింది. ఫోను గుడ్డలో చుట్టి తెచ్చింది, తాను మాత్రం కోడిపిల్లలా ఉంది. నా ముందుకు వచ్చి నిలబడింది.

"బాపు, క్లాసుల సార్ క్వశ్చన్ అడిగిండు. నేను ఆన్సర్ చెప్పేలోపు కట్ అయింది. ఫిర్ సే జాయిన్ అయ్యేసరికి క్లాసే ఖతం. టవర్ రానీ బాపు. ఎందుకు ఆపుతున్నవ్?"

"గ్రౌండు పోతది బిడ్డా."

"గ్రౌండుల నువ్వేం ఆడుతవ్? క్రికెటా?"

 నేను సారక్క వైపు చూశాను. సారక్క కూరగాయలు తరుగుతూ తల ఎత్తలేదు. అట్లాగే అంది, "దాని చదువు పోతే మళ్ల రాదయ్యా. నేను ఇంట్లనే నడుస్త."

ఇంట్లో! పొయ్యి నుంచి మంచం దాకా. మళ్లీ మంచం నుంచి పొయ్యి దాకా.

నాకేం లేదు అని మొన్న రాశాను. ఆ పేజీ చింపుదామనుకున్నాను. వెనక వైపు గుంజిళ్ల సంగతి బాగా వచ్చింది, అందుకని ఉంచాను.

జూలై 21

ఇవాళ్టిది రాయకపోతే పాపం తగులుతుంది.

పాత సిమ్ము వేసి కనకయ్యకు ఫోన్ చేశాను. గొంతు ముక్కులోకి తెచ్చి హిందీలో మాట్లాడాను. టవర్ కంపెనీ హెడ్డాఫీసు మేనేజర్‌ని. సిగ్నల్ టెస్టింగు ఉంది, సమాజం అధ్యక్షుడే స్వయంగా గ్రౌండు మధ్యలో నిలబడాలి, ఇనుప కాడ ఉన్న గొడుగు తెరిచి తలకిందులుగా పైకి పట్టుకోవాలి. వాన పడినా దించకూడదు, దించితే రీడింగు తప్పు వస్తుంది.

"ఎంతసేపు సాబ్?"

"జబ్ తక్ హమ్ న బోలేఁ." మేం చెప్పేదాకా అని.

కనకయ్య వచ్చాడు. తెల్ల లాల్చీ వేసుకుని వచ్చాడు, ఫొటో తీస్తారేమోనని. గొడుగు తిప్పి పట్టుకున్నాడు. వాన మొదలైంది. గొడుగు నీళ్లతో నిండి, బరువెక్కి, పక్కకు ఒరిగి, మొత్తం ఒక్కసారిగా ఆయన నెత్తి మీద కుమ్మరించింది. అయినా మళ్లీ ఎత్తాడు! గల్లీకి గల్లీ మిద్దెల మీద ఉంది. మీసాలు రెండూ కిందికి కారుతున్నాయి.

ఈ భేస్తాన్‌లో నా అంతటివాడు లేడు. ఈ లైను కింద గీత గీస్తున్నాను.

జూలై 22

పక్కింటామె వచ్చి సారక్కకు గొడుగు సంగతి చెప్పిపోయింది. నేను కారఖానాలో ఉన్నాను.

సారక్క నవ్వింది. నవ్వి, దగ్గింది. రుచిత పరుగెత్తుకు వచ్చి నన్ను పిలిచింది. నేను వచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. వీపు నిమిరాను. ఆవిరి పట్టాము. చాలాసేపటికి దగ్గు నిలిచింది.

నిలిచాక నాతో అన్న మొదటి మాట: "నీళ్లు నెత్తి మీద పడినంక మళ్ల ఎత్తిండా?"

నేను లేదన్నాను. ఎత్తలేదే, ఇంటికి పోయిండు అన్నాను.

జూలై 30

వారమంతా రాయలేదు.

కనకయ్యకు తెలిసిపోయింది. నా పాత సిమ్ము మీదికి తిరిగి ఫోన్ చేశాడు. అది నా జేబులో, ఆయన ముందే మోగింది. నేను చేసిన తప్పుల్లో ఇది మొదటి వరుసలోది. ఆయన తిట్టలేదు. తడిసిన రోజు నుంచి జలుబట, ముక్కు చీదుకుంటూ అన్నాడు: "నువ్వు నవ్వుకో సోమలింగం. నూలు పున్నమి నాడు జేసీబీ వస్తది. ఆ రోజు మగ్గాలు బంద్, మనోళ్లంత ఇండ్లల్ల జంధ్యాలు మార్చుకుంటరు. గ్రౌండు దిక్కు చూసెటోడు ఉండడు."

ఇంకో మాట కూడా అన్నాడు, పోతూ పోతూ. "సారక్క ఎట్లున్నది?"

నడుస్తున్నది అన్నాను. ఎక్కడ అని అడగలేదు. నేను చెప్పలేదు. చెబితే బతిమాలినట్టుంటుంది.

ఆగస్టు 1

నలుగురికన్నా ఎక్కువ ఉండొద్దు. అరవొద్దు. కూర్చోవద్దు. సారక్క నవ్వేది ఏదీ చేయొద్దు. చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టుంది.

బాలవ్వ అరుగు మీద కూర్చున్నాను. ఆమె పెరుగు ఇప్పుడు బాగానే తోడుకుంటున్నది, కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పడం లేదు. నాలుగు పోగులు తీసి జంధ్యానికి పేనుతున్నది. ఆ గల్లీలో ఒక పిల్లవాడు సైకిల్ మీద వచ్చి ఆ దారాల మీంచి పోబోయాడు. ముసలామె అరిచిన అరుపుకు వాడు సైకిలుతో సహా ఆగిపోయాడు.

"నూలు దాటుతవారా? కండ్లు పోతయ్!"

అప్పుడు తట్టింది. నా బుర్ర సంగతి నాకు తెలుసు, ఆలస్యంగా వస్తుంది గానీ ఖాళీ చేతులతో రాదు.

సిరిసిల్లలో మా చిన్నప్పుడు పొద్దున్నే వీధి పొడుగునా పడుగు పరిచేవాళ్లు. ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ, మధ్యలో వెదురు కర్రల మీద వేల పోగులు. కుంచెతో గంజి పట్టించి, ఆరేదాకా అట్లాగే ఉంచేవాళ్లు. పరిచిన పడుగును ఎవరూ దాటేవారు కాదు. పెళ్లి ఊరేగింపు వచ్చినా చుట్టూ తిరిగి పోవాల్సిందే. తెలియక దాటిన పిల్లలకు వీపు పగిలేది. నా వీపు, కనకయ్య వీపు ఒకే రోజు పగిలాయి. ఆయన నాన్న చేతనే. అదీ ఒకే కుంచె కర్రతో.

సూరత్‌లో పడుగు మిషన్ మీద బీమనే ఇనుప దుంగకు చుట్టుకుని వస్తుంది. ఇక్కడ పుట్టిన పిల్లలెవరూ వీధిలో పడుగు చూసి ఉండరు.

"అవ్వా, పడుగు పరుస్తవా?" అన్నాను.

"ఎవలికిరా, నీ పాడెకా?" అంది. కానీ లేచి లోపలికి పోయి, పాత గుడ్డలో చుట్టిన కుంచె తెచ్చింది. ఇన్నేళ్లు ఎందుకు దాచిందో అడగలేదు.

ఆగస్టు 3, నూలు పున్నమి

తెల్లవారగానే మొదలుపెట్టాం. మేము నలుగురమే: నేను, బాలవ్వ, సెలూన్‌లో కటింగు చేసేవాడు, రుచిత. రుచిత వస్తుందనుకోలేదు. "ఇయ్యాల సెలవు గద" అని ముఖం అటు తిప్పుకుని వచ్చింది. కారఖానాలో చిక్కుపడి పక్కన పడేసిన నూలు బాబిన్లు రెండు బస్తాలు తెచ్చాను. గేటు స్తంభానికి ఒక కొస, బోరింగు గొట్టానికి ఇంకో కొస. సున్నం గీతల మీదుగా అటూ ఇటూ నడిచి పోగులు లాగాం. బండి దాన్ని దాటకుండా లోపలికి పోలేనట్టు పరిచి, గోడ పక్కన మనిషొకరు పోయే సందు మాత్రం వదిలాం.

జీపు వచ్చింది. అదే జమాదారు. నన్ను గుర్తు పట్టాడు.

"శుం చాలే ఛే, కాకా?" అన్నాడు, ఏం నడుస్తున్నదని.

"పని సాబ్. నేతపని. నలుగురమే, ఒకరికొకరు ఎంత దూరమున్నమో చూడుండ్రి."

నిజంగానే ఈ చివర బాలవ్వ, ఆ చివర నేను, ఫోన్ చేసుకుని మాట్లాడుకునేంత దూరం. మాస్కులు సరిగ్గా ఉన్నాయి. ఆయన తల గోక్కుని, నోటీసులో నూలు గురించి ఏమీ లేదనుకుని, పోయాడు.

గంజి పట్టిస్తుంటే పాలిస్టర్ పీల్చుకోలేదు. గంజి నేల మీదికే కారుతున్నది. "గిదేం నూలురా," అంది బాలవ్వ. "గంజి తాగదు, నీ తీర్గ సిగ్గు లేదు దీనికి." అంటూనే కుంచె లాగింది. ఒక కొస నుంచి ఒక కొసకు, వెనక్కి నడుస్తూ, ఎక్కడా ఆగకుండా. నడుం వంగిన ముసలిది ఆ కుంచె పట్టాక నిటారుగా అయింది.

జేసీబీ వచ్చింది. వెనక టెంపోలో కనకయ్య. కొత్త జంధ్యం లాల్చీ మెడలోంచి కనబడుతున్నది. దిగాడు, చూశాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఏందిది?"

"పడుగు బావా. పున్నమి గద, మంచి రోజని పరిచినం."

"పాలిస్టర్‌కు గంజి పెడుతరా ఎవలన్న? నాకు చెప్పకు, నేను నేతోన్ని!"

"నువ్వు నేతోనివని తెల్సే పరిచిన."

జేసీబీ డ్రైవరు యూపీ వాడు. కిందికి తొంగి చూసి, "సేఠ్, ధాగా హీ తో హై. చలా దూఁ?" అన్నాడు. దారమే కదా, నడిపేయనా అని. ఇంజిను గుర్రుమంటున్నది. దాని ఇనుప తొట్టి మా నూలుకు జానెడు దూరంలో వేలాడుతున్నది.

మిద్దెల మీద గల్లీ మొత్తం నిలబడి ఉంది. ఎవరూ అరవలేదు. ఎవరి మిద్దె మీద వాళ్లు, ఎవరి కొత్త జంధ్యంతో వాళ్లు.

కనకయ్య నోరు తెరిచాడు. ఊఁ అంటే చాలు. అనలేదు. ముందుకు వచ్చాడు, లోపలికి వచ్చి నా గల్లా పట్టుకుందామని కాబోలు. కుడి కాలు ఎత్తాడు. ఆ కాలు పడుగు పైన గాలిలో నిలిచింది. నేను ఆయన కాలు చూడలేదు, బాలవ్వ చేతిలో కుంచెను చూశాను. ఆయనా దాన్నే చూస్తున్నాడు.

కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఎప్పుడు ఎత్తుతరు?" అన్నాడు.

"ఆరినంక," అంది బాలవ్వ.

అందరం ఆకాశం వైపు చూశాం. సూరత్ ఆకాశం, శ్రావణ మాసం. నల్లగా, కదలకుండా ఉంది.

కనకయ్య టెంపో మెట్టు మీద కూలబడ్డాడు. డ్రైవరు ఇంజిను ఆపాడు. అప్పుడు మా సారక్క వచ్చింది. రోజూ వచ్చే వేళకే, పొద్దుటి నడకకు. గేటు దగ్గర పడుగు చూసి, దాటకుండా, గోడ పక్కనుంచి చుట్టూ తిరిగి, కారుతున్న గంజిలో కాలు వేయకుండా, మెల్లగా లోపలికి వచ్చింది. ఊపిరి కోసం ఆగింది. మళ్లీ నడిచింది. కనకయ్య చూస్తున్నాడు.

"రోజు గీడనే నడుస్తదా?" అని నన్ను అడిగాడు.

"డాక్టర్ చెప్పిండు."

"మరి ముందుగాల ఎందుకు చెప్పలేదురా, సన్నాసి?"

 ఆయన నన్ను 'రా' అనడం చిన్నప్పటి తర్వాత ఇదే మొదలు.

ఆగస్టు 4

పడుగు ఆరలేదు.

ఆగస్టు 6

పడుగు ఆరలేదు. రాత్రి వాన వచ్చింది కాబట్టి మళ్లీ గంజి పట్టించాం.

కంపెనీ ఇంజినీరు వచ్చాడు. పేరు సుహాస్, ఆంధ్రా అబ్బాయి. మనవాడేనని అందరూ మూగబోతే కర్ర పట్టుకుని దూరం జరిపాను. పడుగు చూసి, దాటకుండా పక్కనే నిలబడ్డాడు. బుద్ధిమంతుడు.

"చూడండి, మాకు గ్రౌండే కావాలని ఏం లేదండి. చుట్టూ ఉన్న వాటిల్లో ఎత్తయిన టెర్రస్ ఎవరైనా ఇస్తే పోల్ వేసేస్తాం. చిన్నది. జనరేటర్ కూడా అక్కర్లేదు, బ్యాటరీ సరిపోద్ది. ఇవ్వడానికి ఎవరన్నా ఉన్నారా?"

ఎవరూ లేరు. మగవాళ్లందరూ మూతి తడుముకున్నారు. ఆడవాళ్లు పాల గిన్నెలు తలచుకున్నారు. కనకయ్య నా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు వచ్చింది.

"మీసాల ముచ్చట పుట్టించింది ఎవలు? నువ్వు. గల్లీల ఎత్తు మిద్దె ఎవలది? నీది. ఇయ్యి మరి."

గల్లీ మొత్తం నన్ను చూసింది. సెలూన్ వాడు మరీ జాలిగా చూశాడు. రుచిత ఒక్కతే వేరేగా చూసింది, ఊపిరి బిగబట్టి. ట్యాంకు మీద ఆన్సరు చెప్పబోయే ముందు అట్లాగే ఉంటుందేమో.

"తీస్కోండి," అన్నాను. "సోమలింగం మీసం వేర్లతోని ఉన్నది, తరంగాలకు రాలదు."

సంతకం పెట్టాను. కనకయ్య సాక్షి సంతకం పెట్టాడు. ఆయనే సమాజం మనుషులకు ఫోన్లు చేసి గ్రౌండు కాగితాలు రద్దు చేయించాడు. అందుకు సుహాస్‌తో చాలాసేపు కొట్లాడాడు, కోపంగా, మా తరపున. కనకయ్య మంచివాడని నేను ఎప్పుడూ అంటూనే ఉన్నాను.

పడుగు మాత్రం ఎత్తలేదు. బాలవ్వ ఒప్పుకోలేదు. ఆరలేదట.

ఆగస్టు 17

సారక్క గ్రౌండు ఆరు చుట్లు తిరిగింది. బోరింగు దగ్గర ఆగకుండా.

ఆగస్టు 31

పోల్ నిలబెట్టారు. సాయంత్రం స్విచ్ వేశారు. రుచిత మంచం మీద, గోడకు ఆనుకుని, కాళ్లు చాచుకుని క్లాసు విన్నది. సార్ ఏదో అడిగితే చెప్పింది. "వెరీ గుడ్ రుచితా" అని ఫోన్‌లోంచి వినబడింది. ఆమె నా వైపు చూడకుండా ఫోన్ శబ్దం పెంచింది.

గల్లీలో మగవాళ్లు మా ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే మాస్కు పైకి లాక్కుని, పరుగెత్తి దాటుతున్నారు. మాస్కులు ఇంత బాగా పెట్టించిన వాడు ఈ వార్డులో లేడు.

సెప్టెంబరు 1

పొద్దున్నే లేచాను. అద్దం ముందు నిలబడ్డాను. ముప్పై ఏళ్లుగా పెంచిన మీసం. ఒకసారి దువ్వాను. తర్వాత సబ్బు పూసి, నున్నగా గీసేశాను. మొత్తం.

నా ముఖం నాకే ఎవరో చిన్నాన్న ముఖంలా ఉంది.

పాలకు పోయాను, మాస్కు జేబులో పెట్టుకుని. వరుసలో కనకయ్య ముందు నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరిగాడు. చూశాడు. పాల గిన్నె చేతిలోంచి జారింది.

"సోమలింగం... ఒక్క రాత్రిలనా?"

"ఒక్క రాత్రిలనే బావా," అన్నాను, తల వంచుకుని. "పొద్దున లేస్తే దిండు మీద ఉన్నది."

ఆయన రెండు చేతులతో తన మీసాలు పట్టుకున్నాడు. ఎవరో లాక్కుపోతున్నట్టు పట్టుకున్నాడు. వరుస మొత్తం పట్టుకుంది. పాలవాడు కూడా. పట్టుకునే మా మిద్దె వైపు, పోల్ వైపు చూశారు.

అప్పుడు వెనక నుంచి చెప్పుల చప్పుడు వినబడింది.

సారక్క గ్రౌండు నుంచి నడక ముగించుకుని వస్తున్నది. నా ముఖం చూసింది. చేతుల్లో మీసాలు పట్టుకుని నిలబడ్డ మగవాళ్లను చూసింది. గోడకు చెయ్యి ఆనించింది. నవ్వింది. నోరు తెరిచి, తల వెనక్కి వాల్చి, కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా నవ్వింది.

నేను పరుగెత్తి ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. దగ్గు కోసం చూశాను. నవ్వు ఆగింది. ఊపిరి లోపలికి పోయింది. చాలా లోపలికి పోయింది. నేను లెక్క పెడుతూ ఉన్నాను.

ఊపిరి బయటికి వచ్చింది. దగ్గు రాలేదు.

"చిన్నప్పటి సోమలింగం లెక్క ఉన్నవ్, థూ!" అంది. మళ్లీ నవ్వింది.

ఇవాళ్టి నుంచి దేశానికి అన్‌లాక్ నాలుగు అని టీవీలో చెబుతున్నారు. మా ఇంట్లో ఇవాళే మొదటిది. నా ధంధా తెరిచాను.